ఉపగ్రహం చూసినప్పుడు పూయని చేను

మా మామగారు క్వాంగ్ షౌతియన్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి కోడలిని, ఆయన నోట "తప్పు నాదే" అన్న మాట వినలేదు. అత్తయ్యది మరీ అన్యాయం, నలభై ఆరేళ్ల సర్వీసు. మా ఇద్దరి వల్లా కాని ఈ పనిని చివరికి ప్రభుత్వమే పూనుకుని సాధించింది. కనుక ప్రభుత్వం రైతుకు ఏమీ చేయడం లేదనేవారితో నేను ఏకీభవించను.

మా కౌంటీలో ఆవ వేసిన రైతుకు సబ్సిడీ ఇస్తారు. చేనుకు వెళ్లి చూసి ఇవ్వడం పాతకాలపు పద్ధతి (బూట్లకు మట్టి అంటుతుంది). ఇప్పుడు మార్చి పద్దెనిమిదిన ఉపగ్రహం పైనుంచి ఒక ఫోటో తీస్తుంది. పూల పసుపు రంగు కనబడితే ఆవ, కనబడకపోతే బీడు. ఇందుకోసం 'పసుపు నిర్ధారణ ఉపవిభాగం' వెలసింది. దాని అధికారి లెంగ్ గారు.

ఫిబ్రవరిలో ఆయన ఈ పథకం మీద అవగాహన కల్పించడానికి వచ్చి మా ఇంట్లో భోజనానికి ఆగారు. ఆ రోజుల్లో ఆవ లేత కాడలు విరిచి, పొగబెట్టిన పంది మాంసంతో వేయించడం మాకు అలవాటు. విరిచినచోట పక్క కొమ్మలు వేసి చేను పదిరోజులు ఆలస్యంగా పూస్తుంది, అంతే.

"ఇంకొంచెం ఉందా అమ్మా?" అన్నారు లెంగ్ గారు మూడోసారి.

"లేకేం, చేను నిండా ఉంది," అని బుట్ట పట్టుకుని వెళ్లాను.

ఆ తర్వాత వారం రోజులు ఆయన ఆఫీసువాళ్లు ఏడుగురు, రోజుకొకరు చొప్పున, మాకు అవగాహన కల్పించారు. చేనంతటా లేత కాడలు అయిపోయాయి.

మార్చి ఇరవై ఎనిమిదిన చేను విరగబూసింది. ముప్ఫయ్యిన గ్రామ కమిటీ గోడ మీద ఎర్ర అక్షరాల జాబితా వెలిసింది: 'పొలం బీడు పెట్టినవారు: క్వాంగ్ షౌతియన్'. ఆ పేరు అలాగే ఉంటే వచ్చే ఏడు చేను ఏదో కంపెనీకి కౌలుకు పోతుంది.

మామయ్య లెంగ్ గారిని చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కెళ్లారు. వెనకే అత్తయ్యా, నేనూ. భుజాల దాకా పూలు.

"ఇదేమిటయ్యా?"

"ఇవాళ ఆవే, పెద్దాయనా. పద్దెనిమిదిన బీడు."

"పద్దెనిమిదినా ఆవే! మీరు తినేశారు!"

"నేను తిన్నది కూర," అన్నారాయన శాంతంగా. "కూరను పైనుంచి గుర్తుపట్టే సౌకర్యం ఇంకా రాలేదు."

ఇలాంటి ఫిర్యాదులకని లెంగ్ గారు తన ఫోనులో ఒక యాప్ తెరిచారు. అందులో రెండే మీటలు: 'అంతా సరిగ్గా ఉంది', 'తప్పు రైతుది'. మూడోది లేదా అని అడిగాను.

"ఉపగ్రహం తప్పు చేస్తే ఎవరికి మెమో ఇవ్వాలో నిబంధనల్లో లేదమ్మా."

రెండో మీట నొక్కి, రైతు కెమెరాకు మొహం చూపిస్తూ నోటితో ఒప్పుకుంటే గోడ మీద పేరు చెరిపేస్తారు, చేను మిగులుతుంది. (సబ్సిడీ మిగలదు. అన్నీ అడగకూడదు.)

మామయ్య ఫోను అందుకుని రెండో మీట నొక్కారు.

"తప్పు నాదే."

'స్వరం స్పష్టంగా లేదు,' అంది ఫోను.

"తప్పు నాదే!"

'కళ్లార్పి మళ్లీ చెప్పండి.'

ఆయన కళ్లార్పారు. మళ్లీ చెప్పారు. లెంగ్ గారు చొక్కా మీది పుప్పొడి దులుపుకుని, పని అయిందన్నట్టు తలూపారు.

"నలభై ఆరేళ్లుగా ఈ మాట కోసం కాచుకుని కూర్చున్నానే కోడలా," అంది అత్తయ్య. "తీరా అన్నారు. అదీ చెయ్యని తప్పుకి."