చిరుత తాతల వంటకం

అదొక పెద్ద అడవి. అంత అడవికి ఎముకల శాఖ ఒకటి లేకపోతే పరువు తక్కువ కదా! అందుకని పెట్టారు. చైర్మన్ దుమ్ములగొండి. ఎముకలంటే దానికి ఎంత ప్రేమంటే, పొద్దున వచ్చిన సాక్ష్యాల్లో సగం సాయంత్రానికి మిగలవు. పని చేసేది మాత్రం ముళ్లపంది. పన్నెండేళ్లుగా టెంపరరీ.

ఏటి ఒడ్డున ఒక గుహ ఉంది. వానాకాలంలో దుప్పులు పిల్లలతో అందులో తలదాచుకునేవి. దాని మీద చిరుతపులి కన్ను పడింది. గుహ ఎవరి తాతలదైతే వాళ్లదే, తాతల ఆచారం పాటించినంత కాలం. అది అడవి చట్టం.

"లోపల గుట్టలకొద్దీ ఎముకలున్నాయి. తిన్నది మా తాతలే" అంది చిరుత.

ముళ్లపంది వారం రోజులు తవ్వి చూసింది. పళ్లతో కొరికితే గుంటలు పడాలి. ఇక్కడున్నవి సన్నటి తిన్నని గాట్లు. కొన్ని ఎముకలు నిప్పులో కాలి నల్లబడ్డాయి.

"అయ్యా, ఇది పాతకాలపు మనుషుల పని. రాతికత్తితో కోసుకున్నారు, కాల్చుకున్నారు, ఎముక పగలగొట్టి మూలుగ జుర్రుకున్నారు" అంది.

"ఏమయ్యా, నీ ఉద్యోగం పర్మనెంటు కావాలా, వద్దా?" అంది దుమ్ములగొండి, ఒక సాక్ష్యాన్ని పటపట నములుతూ.

ముళ్లపంది ప్రాణం చివుక్కుమంది. దుప్పి పిల్లలు వానపాలవుతాయని తెలుసు. అయినా పొట్టకూటి బతుకు. గాట్లూ మసీ అందరి కళ్లకూ కనబడుతున్నాయి గనక, వాటిని దాచలేక ఇలా రాసింది: "చిరుతగారి తాతలు రాతికత్తితో కోసి, నిప్పు మీద కాల్చి తినేవారు. కనుక గుహ వారిదే."

అడవి సభలో ఆ ముక్క చదవగానే చిరుత మీసం దువ్వింది. "చూశారా, మా వాళ్ల నాగరికత!"

ముసలి దుప్పి మెల్లగా లేచింది. "సంతోషం బాబూ. మరి తాతల ఆచారం తప్పకూడదు కదా. ఇక కత్తితో కోయనిదీ, నిప్పు మీద కాల్చనిదీ నువ్వు ముట్టకూడదు."

సభంతా అవునంది. కాదంటే నివేదిక అబద్ధమని చిరుతే ఒప్పుకోవాలి. సరేనని గుహలో మకాం పెట్టింది.

ముళ్లపంది ఉద్యోగం ఖాయమైంది. రోజూ చిరుత తిన్న ఎముకలు తనిఖీ చేయడమే పని. చిరుత పంజాకు రాయి పట్టు చిక్కలేదు. నిప్పు దగ్గరికి పోతే మీసాలు కాలాయి. నాలుగోనాటికి ఆకలికి కళ్లు తిరిగాయి.

"ఒక్క పచ్చి కుందేలు తింటాను. చూసీ చూడనట్టు పోవయ్యా" అని బతిమాలింది.

"పంటి గుంటలు దాగవు దొరా. నా ఉద్యోగం పోతుంది" అంది ముళ్లపంది. జీవితంలో అంత నిజాయతీగా అది ఎప్పుడూ మాట్లాడలేదు.

ఐదోనాడు చిరుత గుహ వదిలి పోయింది. దుప్పులు పిల్లలతో తిరిగొచ్చాయి. తనిఖీకి ఎముకలు లేవు గనక ముళ్లపంది మళ్లీ టెంపరరీ అయింది. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చడానికి దుమ్ములగొండి అధ్యక్షతన కొత్త కమిటీ వేశారు.

నీతి: ఎముకలు అబద్ధం చెప్పవు, అందుకే వాటి మీద కమిటీ వేస్తారు.