గుండెకు రెండు కాంటాలు

మనిషి గుండె ఎంత చెడిందో చెప్పే అధికారం ఆ గుండెకు గానీ, మనిషికి గానీ, వైద్యుడికి గానీ లేదని 1999 ఎండాకాలంలో మాదాపూర్‌లోని ఒక అద్దాల మేడ మూడో అంతస్తు తేల్చింది. అక్కడున్నది హృదయ తీవ్రతా సమరూప నిర్ణయ కేంద్రం. ఆసుపత్రి పంపే ఫైళ్లు చదివి, ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు వేయడం దాని పని. మూడు, ఆపైన వస్తేనే ఆపరేషన్‌కు తేదీ.

చందానగర్ బియ్యం వ్యాపారి లింగమూర్తికి రెండు వచ్చింది. పది అడుగులేస్తే ఛాతీ పట్టేస్తోంది. ఆపరేషన్ నెల దాటకూడదని డాక్టరు చెప్పాడు. లిఫ్టు సిబ్బందికే కాబట్టి, మెట్ల మీద మూడుచోట్ల కూర్చుని లేచి, అధికారి బాలాత్రిపురసుందరి ముందుకు చేరాడు.

"మూడంతస్తులు ఎక్కొచ్చారు కదండీ. రెండు సరిగ్గానే ఉంది," అందామె.

"జర మళ్ల చూపియ్యున్రి మేడం."

"ఎన్నిసార్లు చూసినా రెండే వస్తుందండి. అదే మా నాణ్యత."

ప్రతి ఫైలునూ హేమంత్, శ్రావణి వేర్వేరు గదుల్లో చదువుతారు. ఇద్దరి గ్రేడూ కలిస్తే అదే సత్యం. కలవకపోతే ఇద్దరికీ మెమో. ఏడాదిగా ఒక్క మెమో లేదు. (అందుకిచ్చిన షీల్డు గోడకే ఉంది.)

"నా దుకాణంల గూడ రెండు కాంటాలున్నయి. రెండూ ఒక్కతీరే చూపిస్తయి. అయినా తూనికల సారు తన రాయి తెచ్చి పెట్టి చూస్తడు. మీ రాయేది మేడం?"

"రాయంటే బయటిదండి. బయటిదాన్ని కలిపితే మా ఏకాభిప్రాయం దెబ్బతింటుంది."

కింద టీ బండి బుచ్చమ్మ అసలు సంగతి చెప్పింది. "మెమోలకు పరేషానయి, అందరికి రెండే ఎయ్యాలని పైన ఫైళ్లు సదివే ఆ ఇద్దరు ఈ బల్ల మీదనే ఖాయం చేసుకున్నరన్నా."

లింగమూర్తి ఆ బల్ల మీదే కూర్చున్నాడు. మధ్యాహ్నం హేమంత్ ఒంటరిగా వచ్చాడు.

"తమ్మీ, ఇయ్యాల్టి నుంచి ఆ పిల్ల నాలుగేస్తదంట. నువ్వు రెండేస్తే తేడా వచ్చి నీకు గూడ మెమో పడ్తది."

హేమంత్ టీ సగంలో వదిలి వెళ్లాడు. గంట తర్వాత వచ్చిన శ్రావణికి లింగమూర్తి ఇదే మాట తిప్పి, ఆ పిల్లగాడు నాలుగేస్తున్నాడని చెప్పాడు. ఆమె టీ చెప్పకుండానే వెనక్కి తిరిగింది. ఒకరినొకరు అడగలేదు, ఆఫీసులో అడిగితే ఒప్పందం సంగతి బయటపడుతుంది.

మర్నాడు లింగమూర్తి పునఃపరిశీలన ఫారం పెట్టాడు. నాలుగు వచ్చింది. ఇద్దరిదీ నాలుగే. ఆ రోజు నుంచి చదివిన ప్రతి ఫైలుకూ నాలుగే. మడమ నొప్పితో ఆసుపత్రికెళ్తే, ఫైలు పొరపాటున ఈ కేంద్రానికి చేరిన మునిస్వామికీ నాలుగే. ఏకాభిప్రాయం నూటికి నూరు. కేంద్రానికి రెండో షీల్డు మంజూరైంది.

వారం తర్వాత లింగమూర్తి తేదీ కోసం వెళ్లాడు.

"అభినందనలండి, మీరు అత్యవసర వర్గంలోకి వచ్చారు," అంది బాలాత్రిపురసుందరి, టోకెన్ అందిస్తూ. "తేదీలు టోకెన్ తీసుకున్న వరుసలోనండి, మీ ముందు ఆరువందల పదకొండు మంది అత్యవసరం వాళ్లున్నారు. మొదటి రోజే తీసుకున్న మునిస్వామి గారి గుండె ఆపరేషన్ రేపేనండి."