ఇరవై నాలుగో బిస్కెట్టు

ప్రయాణం అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళడమని మనుషులు కొన్ని వేల ఏళ్లుగా పొరబడుతూ వచ్చారు. ఆ పొరపాటును సరిదిద్దిన ఘనత జపాన్ సముద్ర తీరాన కురొసె పట్టణంలో ఉన్న ప్రయాణ సలహా సేవల సంస్కరణ మండలికి దక్కుతుంది. ప్రయాణం అంటే "వినియోగదారుడి ఆందోళనను దశలవారీగా, ప్రతి దశకూ రుసుముతో తొలగించే సేవ" అని మండలి తన మూడో సర్క్యులర్‌లో నిర్వచించింది. (మొదటి రెండు సర్క్యులర్లూ మూడోది రాబోతోందని తెలియజేసేందుకు వెలువడ్డాయి.)

సర్క్యులర్ అందిన రోజు కుసకాబె ఫుమియో దాన్ని రెండుసార్లు చదివి, బార్లీ టీ గ్లాసు కింద పెట్టుకుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె కళ్లద్దాల దుకాణం పైగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ప్రయాణ సలహాలు చెబుతోంది. జనం వచ్చేవారు, టీ తాగేవారు, ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడిగేవారు. రైల్లో ఏ వైపు కూర్చుంటే కొండలు కనిపిస్తాయో, ఏ సత్రంలో ముసలమ్మ చేపల పులుసు బాగా కాస్తుందో ఆమె చెప్పేది. వాళ్లు దండం పెట్టి, మెట్లు దిగి, వీధి మలుపు తిరక్కముందే ఫోన్లో టిక్కెట్లు కొనుక్కునేవారు. సలహాకు డబ్బు అడగడమంటే ఆమెకు దారి చెప్పినందుకు చెయ్యి చాపినట్టు ఉండేది.

ఆమెకు కావలసింది వేరే ఉంది. వెళ్లొచ్చినవాళ్లు మళ్లీ కనిపించినప్పుడు వాళ్ల ముఖంలో, దవడ దగ్గర ఎక్కడో, ఒక బిగువు సడలి ఉండేది. నాలుగైదు రోజులకు మళ్లీ బిగుసుకునేది. ఆ సడలింపును చూడటానికే తను ఈ దుకాణం నడుపుతోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇది వ్యాపారం కాదని తేలిపోతుందని భయం. తన ముఖంలో అది ఎప్పుడైనా వచ్చిందా అని అద్దంలో వెతుక్కోవడం ఆమె చాలాకాలం కిందటే మానేసింది.

మండలి మార్గదర్శక అధికారి ఉజీయె వచ్చి ఒక్క చూపులో తేల్చేశాడు.

"ఫుమియో గారూ, మీ దగ్గర వ్యాపారం లేదమ్మా. మర్యాద ఉంది. రెండూ ఒకటి కాదు."

"మర్యాద వద్దంటారా?"

"వద్దని నేనెందుకంటాను? దాన్నొక దశగా పెట్టుకోండి. మూడో దశ అనుకోండి. దానికో రుసుము."

నియమం సులువైనదే. జూన్ నెలాఖరులోగా ఒక్క వినియోగదారుడినైనా ఆరు దశలూ దాటించి చూపాలి. చూపితే "సువ్యవస్థిత సేవ" అని ధ్రువపత్రం ఇస్తారు, గోడకు తగిలించుకోవచ్చు. చూపకపోతే మండలి సొత్తయిన ఆ పైగది కింది కళ్లద్దాల దుకాణానికి గోదాముగా పోతుంది. దశలను వరుస తప్పకుండా మూయాలి. ఒకటి మూతపడితే గానీ రెండోది తెరుచుకోదు.

ఆ వారంలోనే నెగొరో తదావో మెట్లెక్కి వచ్చాడు. వయసు యాభై ఏడు. పట్టణ నీటి సరఫరా కార్యాలయంలో మీటర్ల విభాగం. కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరైనా అడిగితే వెంటనే ఇచ్చేసేలా.

"రెబున్ ద్వీపానికి వెళ్దామనుకుంటున్నానండీ. ఉత్తరాన, చిట్టచివర."

"అక్కడ ఏముంది?"

"ఏమీ లేదట. గడ్డి, గాలి. రాయి మీద కూర్చోవచ్చట. ముప్పై నాలుగేళ్లుగా నేను ఏం చేస్తున్నా ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. మూడు రోజులు ఎవరూ చూడకుండా కూర్చోవాలని ఉంది. ఇది పెద్ద కోరికేమీ కాదు కదండీ?"

ఆ మనిషి దవడ వంక చూసింది ఫుమియో. అంత బిగువును పంతొమ్మిదేళ్లలో చూడలేదు. ఈయన్ని పంపి తీరాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది. తర్వాత, నియమం ప్రకారం, ఆందోళన గుర్తింపు పత్రం చేతికిచ్చింది.

ఆయన ఒక్కొక్క గడి నింపాడు. టిక్కెట్ల గురించి ఆందోళన పదికి సున్నా. రెండు విమానాలు, ఒక పడవ మారడం గురించి సున్నా. సెలవు అడగడం, ఏడు. బయలుదేరే ముందు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి మీకు ఇబ్బంది కలిగిస్తున్నానని వంగి చెప్పడం, ఎనిమిది. తిరిగొచ్చాక విభాగంలో అందరికీ పంచవలసిన మిఠాయి, తొమ్మిది. "ప్రయాణం ఎలా జరిగింది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం దగ్గర పది వేసి, చాలదనిపించి పక్కన ఇంకో గీత గీశాడు.

"మిఠాయికి అంత భయమేంటండీ?"

"నేను కాక ఇరవై ముగ్గురండీ. ఒకటి తక్కువైతే?" గొంతు తగ్గించాడు. "పన్నెండేళ్ల కిందట ఒకాయన క్యోటో నుంచి ఒకటి తక్కువ తెచ్చాడు. ఆయన పోయాడు, పాపం. ఆ సంగతి మాత్రం ఇంకా ఉంది."

ఈ పత్రం ఆధారంగా మండలి కంప్యూటరు నెగొరో కోసం దశలు తయారుచేసింది. ఒకటి, ఆందోళన గుర్తింపు. రెండు, సెలవు చీటీ రాసిపెట్టడం. మూడు, క్షమాపణల సాధన. నాలుగు, జవాబుల సరఫరా. అయిదు, మిఠాయి అందజేత. ప్రయాణం గురించి ఆయన ఆందోళన సున్నా కనుక అది ఆరో దశలో, "ఇతరములు" కింద పడింది.

మొదటి మూడూ హాయిగా మూతపడ్డాయి. మూడో దశలో నెగొరో ఖాళీ కుర్చీకి ఇరవై మూడుసార్లు వంగాడు. నాలుగో దశలో ఫుమియో మూడు రకాల జవాబులు రాసింది. పొట్టిది, మామూలుది, ఒక చిన్న జోకు ఉన్నది. ఆయన మామూలుది ఎంచుకుని బట్టీ పట్టాడు.

"ప్రయాణం ఎలా జరిగింది?" అని ఫుమియో అడిగేది.

"గాలి ఎక్కువండీ. అయినా వెళ్లడం మంచిదైంది."

"'అయినా' దగ్గర కాస్త ఆగండి. నిజంగా వెళ్లొచ్చినవాళ్లు అక్కడ ఆగుతారు."

అయిదో దశ కోసం ఆమె రెబున్ ద్వీపం దుకాణానికి రాసి, సముద్రపు నాచు కలిపిన బిస్కెట్లు తెప్పించింది. డబ్బా ఇరవై నాలుగుది. దేనికదే కాగితం చుట్టి ఉంటుంది. ఆరోది తెరుచుకోవాలంటే అయిదోది మూతపడాలి, అంటే బిస్కెట్లు ముందే రావాలి. వస్తే తన దగ్గర దాచి, తిరిగొచ్చిన రోజు చేతికిద్దామని ఆమె ఆలోచన. కానీ ఆర్డరు కాగితంలో "అందుకునేవారు" అన్న గడి ఉంది. బిస్కెట్లు అందుకునేవారు మీటర్ల విభాగం వారు. పంతొమ్మిదేళ్లుగా గడిలో అడిగినదే రాసే ఫుమియో అడిగినదే రాసింది.

జూన్ మొదటి సోమవారం డబ్బా నేరుగా కార్యాలయానికి చేరింది. నెగొరో బయలుదేరడానికి ఇంకా పదిహేడు రోజులున్నాయి. కాఫీ, టీ బల్ల చూసుకునే మిజొయె అనే ఆవిడ డబ్బా తెరిచి, "రెబున్ నుంచి, నెగొరో గారి తరఫున" అని చీటీ పెట్టింది. ఆయన ఎక్కడికీ వెళ్లలేదని ఇరవై ముగ్గురికీ తెలుసు. ఉదయం నుంచీ వాళ్ల కళ్లెదుటే మీటర్ల లెక్కలు రాసుకుంటున్నాడు. కానీ బిస్కెట్టు తిన్నారు. తిన్నాక అడగకపోతే మర్యాద కాదు.

"నెగొరో గారూ, ప్రయాణం ఎలా జరిగిందండీ?" అంది మిజొయె. "ద్వీపం గాలికి ఉన్న నాలుగు వెంట్రుకలూ ఎగిరిపోయినట్టున్నాయే."

నెగొరో లేచి నిలబడ్డాడు. చెప్పవలసింది ఆయనకు తెలుసు, బాగా తెలుసు.

"గాలి ఎక్కువండీ. అయినా... వెళ్లడం మంచిదైంది."

సాయంత్రానికి సెలవు చీటీ వెనక్కి వచ్చింది. మూల మీద విభాగాధిపతి పెన్సిలుతో, కోపమేమీ లేకుండా, "మళ్లీనా?" అని రాశాడు.

నెగొరో మెట్లెక్కి వచ్చి అదే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇంకో డబ్బా తెప్పిద్దాం," అంది ఫుమియో.

"ఒకే చోటికి నెలలో రెండుసార్లు వెళ్లేవాణ్ణి ఏమనుకుంటారండీ? నన్నెప్పుడూ ఎవరూ ఏమీ అనుకోలేదు. అదొక్కటే నేను నిలబెట్టుకున్నది."

"చెప్పకుండా వెళ్లండి."

నెగొరో ఆమె వంక, దొంగతనం నేర్పుతున్న టీచరును చూసినట్టు చూశాడు.

అధికారి ఉజీయె మాత్రం పొంగిపోయాడు. పొగమంచు, పడవ రద్దు, పోయిన సూట్‌కేసు, ఫిర్యాదు, ఏది పుట్టినా ఆరో దశలోనే పుడుతుంది. అది లేని ప్రయాణం కోసం మండలి ఏళ్లుగా కలలు కంటోంది. "మీకు తెలియకుండానే సాధించారమ్మా," అన్నాడు. "లాభం అంతా మొదటి అయిదింట్లోనే. ఆరోది మూసేసి సంతకం పెట్టించండి, ధ్రువపత్రం రేపే ఇస్తాను."

ఫుమియో సంతకం పెట్టించలేదు. ఎందుకు పెట్టించలేదో తనకే సరిగా తెలియలేదు. ధ్రువపత్రం కావాలి. గది కావాలి. కానీ కళ్లు మూసుకుంటే ఆ దవడ కనిపించేది. ఆ మనిషిని తన చేతులతోనే, ఎంతో శ్రద్ధగా, ఇంటికి తిరిగి తెచ్చేసిందని, మధ్యలో ఉండవలసిన రాయినీ గాలినీ గడుల్లో పడేసిందని లోపల ఏదో అంటూనే ఉండేది. దానికి జవాబుగా ఆమె సర్క్యులర్‌ను మూడోసారి చదివింది. పద్నాలుగో నిబంధన దొరికింది: "పంచిన వస్తువు పూర్తిగా వినియోగమైనప్పుడే ప్రయాణం ముగిసినట్టు."

ఫోను తీసి నెగొరోను అడిగింది. "డబ్బాలో ఏమైనా మిగిలాయా?"

"ఒకటుందండీ. ఇరవై నాలుగోది."

"పది రోజులైంది కదా. ఎవరూ తినలేదా?"

"చివరిది ఎవరు తింటారండీ?" అన్నాడు నెగొరో, ఆశ్చర్యంగా.

నిజమే. తెచ్చినవాడు తినకూడదు. మిగతావాళ్లలో ఎవరు తిన్నా చివరిది తిన్నవాడవుతాడు. మిజొయె రోజూ డబ్బా ఎత్తి, బల్ల తుడిచి, మళ్లీ అక్కడే పెడుతోంది. అంటే, నిబంధన ప్రకారం, నెగొరో ఇంకా ప్రయాణంలోనే ఉన్నాడు. ప్రయాణంలో ఉన్న మనిషికి సెలవు కాదనడం కుదరదు.

ఆమె వాదనను ఉజీయె శ్రద్ధగా విన్నాడు. నిబంధన తను రాసిందే కనుక కాదనలేకపోయాడు. విభాగాధిపతి కూడా, మొదలైనది ముగించాలి కదా అని పెన్సిలు రాత చెరిపేశాడు. ఒక్క లాంఛనం మిగిలింది. మిగిలిన వస్తువును మండలి స్వయంగా చూసి ముద్ర వేయాలి. ప్రయాణం గురువారం. తనిఖీ బుధవారం.

బుధవారం ఫుమియో, ఉజీయె కలిసి మీటర్ల విభాగానికి వెళ్లారు. నెగొరో బల్ల కింద చిన్న సంచీ కనిపించింది. ఆయన ముఖం అప్పుడే, బయలుదేరక ముందే, దవడ దగ్గర కొద్దిగా వదులైంది. ఫుమియో దాన్ని చూసి చూపు తిప్పుకుంది, ఎక్కువ చూస్తే పోతుందేమోనని. డబ్బాలో బిస్కెట్టు, కాగితం కూడా నలగకుండా, ఉంది. ఉజీయె ముద్ర, సిరా తీసి కాగితం పరిచాడు.

మిజొయె టీ తెచ్చింది. అతిథికి ఉత్త టీ ఇవ్వకూడదు. డబ్బా వంక చూసింది. పదహారు రోజులుగా విభాగమంతా ఎదురుచూస్తున్నది ఇటువంటి మనిషి కోసమేనని ఆమె ముఖం వెలిగింది.

"ఒక్కటే ఉంది, ఏమీ అనుకోకండి. తీసుకోండి."

"అయ్యో, వద్దమ్మా," అన్నాడు ఉజీయె.

"పర్లేదు, తీసుకోండి."

"వద్దు వద్దు, డ్యూటీలో ఉన్నాను."

ఫుమియో నాలుక కదిలింది. అది బిస్కెట్టు కాదు, ఒక మనిషికి దక్కాల్సిన మూడు రోజులు, అనాలి. కానీ ఒకరు పెడుతుంటే, ఒకరు తీసుకుంటుంటే, మధ్యలో మాట్లాడటం ఆమెకు ఎవరూ నేర్పలేదు. నెగొరో వంక చూసింది. ఆయన కూడా నోరు కొద్దిగా తెరిచి, అలాగే ఉన్నాడు. ఇరవై ముగ్గురూ గౌరవంగా తలలు వంచి ఉన్నారు.

"మా మాట కాదనకండి," అంది మిజొయె మూడోసారి.

మూడోసారి కాదనడం మర్యాద కాదు. ఉజీయె కాగితం విప్పి తిన్నాడు. మెల్లగా, చివరి తునక దాకా తిన్నాడు. విభాగమంతా ఒకేసారి ఊపిరి వదిలింది. ఎవరో ఖాళీ అట్టడబ్బాను మడిచారు.

"బాగుంది, సముద్రం వాసన వస్తోంది," అన్నాడు ఉజీయె, మూతి తుడుచుకుని. తర్వాత, తిన్నవాడు అడగవలసినది గుర్తొచ్చి నెగొరో వైపు తిరిగాడు. "ప్రయాణం ఎలా జరిగిందండీ?"

నెగొరో పాదంతో సంచీని బల్ల లోపలికి తోశాడు. లేచి నిలబడ్డాడు.

"గాలి ఎక్కువండీ," అన్నాడు. ఆగవలసిన చోట, ఎవరూ నేర్పనంతసేపు ఆగాడు. "అయినా వెళ్లడం మంచిదైంది."

ధ్రువపత్రం శనివారం వచ్చింది. ఫుమియో దాన్ని బల్లకెదురుగా, గోడకు సరిగ్గా మధ్యలో తగిలించింది. కింద, పరిశీలన అన్న గడిలో, ఉజీయె గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "సేవ సంతృప్తికరం. వినియోగదారుడు బయలుదేరడానికి ఒకరోజు ముందే క్షేమంగా తిరిగి వచ్చారు."