రేడియో మీద కూర్చున్నదెవరు

కాదు తల్లీ, అది కొట్టేసి ఈ తాత చెప్పినట్టు మొదట్నుంచీ రాయి. ఆ రోజు మీ నాన్న ఆఫీసులో కూర్చుని పది నిమిషాల్లో తెమిలిపోయే పని ఒక్కటే పెట్టుకున్నాడు. మా అక్కకి ఆ వారంలోనే కంటి ఆపరేషన్. దానికోసం దాచిన డిపాజిట్ గడువు ఆ రోజుతో సరి. సాయంత్రం నాలుగులోపు వెనక్కి తీసుకోకపోతే మళ్లీ ఐదేళ్లకి ఇరుక్కుపోతుంది. తియ్యాలంటే అక్క ఫోనుకొచ్చే ఆరంకెల నంబరు మీ నాన్నకి చెప్పాలి. పిల్లల్లేని మేనత్త కదా, ఆమె బ్యాంకు వ్యవహారాలన్నీ దూరాన్నుంచి వాడే చూస్తాడు.

చిక్కేమిటంటే, కిందటిసారి వచ్చినప్పుడు ఆమె ఇంటి గోడకి ఒక కాగితం అంటించి, అందులో ఉన్నది కంఠతా వచ్చేదాకా మా ఇద్దరిచేతా చెప్పించి వెళ్లాడు. "ఫోన్లో డబ్బు మాటెత్తినవాడు దొంగ. నా గొంతుతో మాట్లాడినా దొంగే."

ఉదయం పదింటికి ఫోను మోగింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

"అత్తా, నంబరొచ్చిందా? చెప్పు."

"చెప్పను నాయనా. మా మేనల్లుడు వద్దన్నాడు."

"నేనే మేనల్లుణ్ణి!"

"దొంగ కూడా సరిగ్గా ఇదే మాటంటాడని వాడు చెప్పాడు," అని అక్క పెట్టేసింది.

ఈసారి వీడియోలో కనిపించాడు.

"మొహాలు కూడా తయారుచేస్తున్నారట. అయినా మావాడికి ఇంత బట్టతల లేదు," అంది అక్క.

ఆపరేషన్ కావలసిన కళ్లకి బట్టతల ఎలా ఆనిందో నేను అడగలేదు. వెంటనే నా ఫోను మోగింది.

"నాన్నా, నేనేనని అత్తకి చెప్పు!"

"నువ్వు నువ్వేనని నాకెలా తెలుసు బాబూ?" అన్నాను. కాగితం నాకూ వర్తిస్తుంది కదా.

మధ్యాహ్నం కుళాయి మేస్త్రి వచ్చాడు. "అమ్మగారూ, మీ మేనల్లుడుగారు పంపారు. మీ ఫోన్లో ఏదో నంబరుందట, చూసి చెప్పమన్నారు."

"అలాగే నాయనా. ముందు స్నానాలగదిలో కుళాయి కారుతోంది, చూడు," అంది అక్క. అతను లోపలికెళ్లగానే బయట గడియ పెట్టింది. ఆ వెంటనే మీ అమ్మకి ఫోన్ చేసింది. "అమ్మాయీ, నీ మొగుడి గొంతుతో ఒకడు తిరుగుతున్నాడు. ఇంటికొస్తే తలుపు తియ్యకు."

మీ అమ్మ కంగారుపడి మీ నాన్న ఆఫీసుకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. అక్కడి కాపలావాళ్లు నలుగురొచ్చి మీ నాన్న బల్లచుట్టూ నిలబడి గుర్తింపు కార్డు అడిగారు.

మూడున్నరకి మళ్లీ ఫోను. గొంతు ఏడుపులోకి దిగింది.

"అత్తా, నీ ఆపరేషన్ ఆగిపోతుంది! మనింట్లోవాళ్లకే తెలిసింది ఏదైనా అడుగు!"

"అయితే చెప్పు. నా రేడియో మీద కూర్చుని విరగ్గొట్టిందెవరు?"

"నాన్న!"

"తప్పు," అని పెట్టేసింది.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నలభై ఏళ్లుగా ఆ నేరం నాదే. వచ్చిన ప్రతి చుట్టానికీ అక్క నన్ను "రేడియో విరగ్గొట్టినవాడు" అనే పరిచయం చేస్తుంది.

నాలుక్కి పది నిమిషాలున్నాయనగా మళ్లీ మోగింది.

"నేనే అత్తా! నేనే కూర్చున్నాను! దెబ్బలు తప్పించుకోడానికి నాన్న పేరు చెప్పాను!" మీ నాన్న అరుపుకి వెనకాల కాపలావాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు మావాడివి," అంది అక్క. తనకి అంకెలు ఆనవని గడియ తీసి, అప్పుడే కొత్తగా వచ్చిన నంబరు మేస్త్రిచేత చదివించింది. నాలుక్కి మూడు నిమిషాలుండగా డబ్బు చేతికొచ్చింది. కుళాయి కూడా బాగైంది.

"అక్కా, నేను కాదని నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. రేడియో మీట గుచ్చుకుని వాడి నిక్కరు చిరిగితే కుట్టింది నేనేగా."

"మరి నలభై ఏళ్లు నన్నెందుకు తిట్టావు?"

"ఆ రేడియోని కుర్చీలో పెట్టిందెవరు మరి?"

సరే తల్లీ, ఇక్కడితో ఆపు. ఆదివారం మీ నాన్న ఫోన్ చేసినప్పుడు ఇదంతా చదివి వినిపించు. చదివేముందు మాత్రం, వాడు వాడేనని రుజువడుగు.