కన్యక అడిగిన కొండ

ఆ ఉదయం చెయ్యవలసిన పని ఒక్కటే. జీపెక్కి కొండ దగ్గరికి వెళ్ళాలి, కన్యకకు పైనుంచి సముద్రం చూపించాలి, పడవ వేళకు లాడ్జికి తిరిగి రావాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందనుకున్నాడు ఉమాశంకర్. తిరువూరు మెయిన్ రోడ్డు మీద ఎరువుల కొట్టు నడిపేవాడు, మామిడి పూత రోజుల్లో కౌంటరు ముందు రైతులు విరగబడుతుంటే ఎవరు ఏ మందు ఎంత కలపాలో నోటికి చెప్పేవాడు, ఒక జీపు ప్రయాణం సవ్యంగా జరిపించలేడా?

జరిపించి తీరాలి కూడా. పెళ్ళయిన పాతికేళ్ళలో అతను భార్యను తీసుకెళ్ళిన అతి దూరపు ఊరు నెమలి. అదీ గంపలగూడెంలో ఒక డీలరుతో పని పడితే, ఎలాగూ కారు వెళ్తోంది కదా అని వేణుగోపాలస్వామి దర్శనం చేయించుకొచ్చాడు. ఊటీ అన్నాడు, కొట్టుకి స్టాకు వచ్చింది. కాశీ అన్నాడు, స్టాకు రాలేదు. చివరికి పెళ్ళిరోజు పేరు చెప్పి అండమాన్ బయలుదేరదీశాడు. కన్యక ఫోనులో ఒక వీడియో చూసింది. ఈ చిన్న దీవిలో జనం పెద్దగా వెళ్ళని కొండ కొమ్ము ఒకటి ఉందట, దాని మీద నిలబడితే కింద సముద్రం రంగురంగులుగా కనిపిస్తుందట. మిగతావేవీ చూపించకపోయినా ఫరవాలేదు, అదొక్కటీ చాలని అంది.

నాలుగు రోజులని చెప్పి తీసుకొచ్చిన పెద్దమనిషి, దీవి నుంచి తిరుగు పడవకు టికెట్లు రెండో రోజుకే చేయించాడు. కొట్లో తండ్రి సుందరరామయ్య ఒక్కడే ఉన్నాడాయె. ఆ సంగతి ముందురోజు సాయంత్రం నసుగుతూ బయటపెట్టాడు. కన్యక అరవలేదు. చీర మడతపెడుతూ, "సరే. పొద్దున్నే ఆ కొండ చూపించండి. అది కూడా కుదరకపోతే ఇంకెప్పుడూ మిమ్మల్ని ఏమీ అడగను" అంది. అరిచి ఉంటే అతను హాయిగా నిద్రపోయేవాడు. ఆ మాట మాత్రం తెల్లవార్లూ గుండెల మీద కూర్చుంది.

తెల్లారేసరికి లాడ్జి ముందు జీపు సిద్ధంగా ఉంది. వెనక సీట్లో కన్యక ఎక్కింది. ఆమె పక్కన ఎక్కబోతోంది ఉమాశంకర్ తల్లి సుబ్బరత్నం. "మీ నాన్న కొట్టు చూసుకుంటారు, నేను సముద్రం చూసుకుంటాను" అని కొడుకూ కోడలి వెంట బయలుదేరిన మనిషి ఆవిడ. ఒక కాలు జీపులో పెట్టిందో లేదో, డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వుతూ, "ఎక్కడికి సార్?" అన్నాడు.

సుబ్బరత్నం పెట్టిన కాలు తీసేసింది.

"ఒరేయ్ శంకరం, దిగు."

"అమ్మా, అతను డ్రైవరు. అడక్కుండా ఎట్లా తీసుకెళ్తాడు?"

"బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని అవుతుందా? మీ నాన్నని ఇట్లాగే ఒకడు అడిగాడు. ఎ.కొండూరు దాటకముందే టైరు పేలింది. దిగి లోపలికి పద."

చేసేది లేక ముగ్గురూ లోపలికి వెళ్ళారు. కాళ్ళు కడుక్కున్నారు, కాసేపు కూర్చున్నారు, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయటికి వచ్చారు. డ్రైవరుకు ఈ ఆచారం ఎవరూ చెప్పలేదు. అతను ఇంకా మర్యాదగా చేతులు కట్టుకుని, "ఇంతకీ ఎక్కడికండీ?" అన్నాడు. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. ఈసారి ఉమాశంకర్ తల్లికంటే ముందు బయటికి ఉరికి, డ్రైవరును పక్కకు లాగి, "నువ్వేం అడక్కు బాబూ, నేనే చెప్తాను" అని కొండ కొమ్ము గురించి గుసగుసగా వివరించాడు. డ్రైవరు అలాంటి చోటు పేరే వినలేదు. సరిగ్గా సుబ్బరత్నం గుమ్మం దాటే క్షణంలో బుర్ర గోక్కుంటూ, "అదెక్కడ సార్?" అనేశాడు.

ముగ్గురూ మూడోసారి నీళ్ళు తాగి వచ్చేటప్పటికి ఆ జీపు ఇంకెవరినో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఎండ కొబ్బరి చెట్ల మీంచి దిగి వాకిట్లోకి వచ్చేసింది. పడవ పదిన్నరకు. ఉమాశంకర్ రోడ్డుకు ఆ చివరా ఈ చివరా పరిగెత్తాడు. ఒక్క బండి లేదు. కన్యక మెట్ల మీద చెప్పులు సర్దుకుని కూర్చుంది.

అప్పుడు వచ్చింది ఇంకో జీపు. నడుపుతున్నది నెరిసిన మీసాల మనిషి. దిగి, ముగ్గురినీ ఎగాదిగా చూసి, "తెలుగువాళ్ళే కదండీ?" అన్నాడు. అవునన్నారు. "రండి" అని తలుపు తీశాడు. అంతే, ఇంకో ప్రశ్న లేదు.

"చూశావా, పద్ధతి తెలిసిన మనిషి" అని సుబ్బరత్నం తృప్తిగా ఎక్కి కూర్చుంది. కొబ్బరి తోటల మధ్య జీపు దూసుకుపోతుంటే ఉమాశంకర్‌కు అనుమానం మొదలైంది. తల్లి కళ్ళు వీపుకు గుచ్చుకుంటున్నా ఉండబట్టలేక, "కొండ దగ్గరికే కదండీ?" అన్నాడు. అంతోనయ్య అనే ఆ డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఆ, కొండ పక్కనే" అన్నాడు. ఉమాశంకర్ సీటుకు చేరగిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

జీపు ఒక కొత్త మేడ ముందు ఆగింది. కింద యజమాని ఉండే ఇల్లు, పైన అద్దెకిచ్చే గదులు. చుట్టూ ప్రహరీ. తూర్పు వైపు గోడ మాత్రం జైలు గోడంత ఎత్తు. గేటు దగ్గర నవీన్ కుమార్ అనే యువకుడు, అతని భార్య సుప్రజ చేతులు జోడించి నిలబడ్డారు. వాళ్ళ వెనక గునపాలు పట్టుకుని ఇద్దరు కూలీలు.

"మీకోసమే చూస్తున్నాం సార్. అమ్మగారూ, కాళ్ళకి నీళ్ళు తీసుకోండి. ముందు టిఫిను చేద్దురుగాని" అన్నాడు నవీన్ కుమార్.

ఉమాశంకర్‌కు అంతా అర్థమైపోయింది, అంటే అర్థమైపోయిందనుకున్నాడు. డ్రైవర్లు కమీషను కోసం తెలిసినవాళ్ళ హోటలు దగ్గర బండి ఆపడం అతనికి కొత్త కాదు. ఈ కుర్రాడు గది అంటగట్టే లోపల బయటపడాలి.

"చూడండి, మాకు టైం లేదు. ఇవాళే వెళ్ళిపోతున్నాం. త్వరగా తేల్చేస్తే మా దారిన మేం పోతాం."

నవీన్ కుమార్ ముఖంలో గౌరవం ఇంకా పెరిగింది. ఎంత పని ఒత్తిడి ఉంటే ఆ మాట అంటారనుకున్నాడు. "అలాగే సార్, తేల్చేయండి. ఇల్లు కట్టి రెండేళ్ళయింది. వచ్చినవాళ్ళు ఒక రాత్రి ఉండి వెళ్ళిపోతున్నారు, రెండో రాత్రి ఎవరూ ఉండట్లేదు. ఏం మార్చమంటే అది మార్చేస్తాం. మీ మాటే ఫైనలు."

ఈ కుర్రాడి గదుల్లో జనం ఉండకపోతే తనెందుకు చెప్పాలో ఉమాశంకర్‌కు అంతుపట్టలేదు. అతను నోరు తెరిచే లోపల సుబ్బరత్నం రంగంలోకి దిగింది. ఎవరి ఇంటికి వెళ్ళినా కాఫీ తాగే లోపల వాస్తు చూడటం ఆవిడకు ఊపిరి పీల్చడమంత అలవాటు. విస్సన్నపేటలో వియ్యంకుడి ఇంటికి గృహప్రవేశానికి వెళ్ళి, భోజనాలు కాకముందే మెట్లు మార్పించి వచ్చిన మనిషి.

"ఇదేం కట్టడం నాయనా? తూర్పు, ఈశాన్యం ఇట్లా మూసేసి కూర్చుంటే ఇంట్లోకి ఏదన్నా ఎట్లా వస్తుంది? ఎవరు కట్టమన్నారు అంత గోడ?"

"పాత ఇల్లున్నప్పుడే మా నాన్న కట్టించాడండి. చిన్నప్పుడు నేను అటు పరిగెత్తేవాణ్ణని."

"ఇప్పుడు పరిగెత్తుతున్నావా?"

"లేదండి."

"మరి తీసేయ్."

నవీన్ కుమార్ కూలీల వైపు తల ఊపాడు. గునపం గోడకు తగిలిన చప్పుడుకు ఉమాశంకర్ గుండె జారిపోయింది. తల్లి మాట మీద ఇల్లు మార్చుకున్నవాళ్ళను అతను చూశాడు గానీ, అప్పటికప్పుడు గునపాలతో ఎదురుచూసేవాళ్ళను చూడలేదు.

"ఆగండి, ఆగండి. అమ్మ ఏదో మాటవరసకి అంది."

"మాటవరసకేంట్రా? ఉన్నదే చెప్పాను. ఆ మూల కూడా కొట్టు బాబూ."

ఇటుకలు రాలుతున్నాయి. సుప్రజ టిఫిను ప్లేట్లు పట్టుకొచ్చింది. అంతోనయ్య జీపు నీడలో కునుకు తీస్తున్నాడు. ఉమాశంకర్ గడియారం చూశాడు. ఇప్పుడు బయలుదేరినా కొండ చూడటం, పడవ అందుకోవడం రెండూ జరగవు. ఒకటి వదులుకోవాలి. కొండ వదులుకుంటే కన్యక ఇక జన్మలో నోరు తెరిచి అడగదు. ఆమె అన్న మాట మీద నిలబడే మనిషని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? తుంచిన ఇడ్లీ ముక్క మళ్ళీ ప్లేటులోనే పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే నవీన్ కుమార్ ఫోను మోగింది. అతను మాట్లాడుతున్నకొద్దీ ముఖం పాలిపోయింది. ఫోను దించి ఉమాశంకర్ వైపు తిరిగాడు.

"విజయవాడ నుంచి మేం పిలిపించిన వాస్తు ఆయన చేశాడండి. నిన్నే వచ్చి లాడ్జిలో దిగాల్సిన మనిషి, పడవ ఎక్కీ ఎక్కగానే వాంతులై పోర్ట్ బ్లెయిర్‌లోనే ఆగిపోయాడంట. రేపొస్తానంటున్నాడు. మరి... మీరెవరండి?"

గునపాలు ఆగిపోయాయి. అప్పటికే తూర్పు గోడలో సగం నేల మీద ఉంది. అబద్ధం ఆడదామంటే ఒక్కటీ తట్టలేదు.

"నాది ఎరువుల కొట్టండి. తిరువూరు. మా ఆవిడకి కొండ చూపిద్దామని బయలుదేరాం. మీ జీపు మాదే అనుకుని ఎక్కాం."

"ఎక్కేముందు ఎక్కడికని అడగలేదా?"

"అడగనిచ్చిందా మా అమ్మ?"

నవీన్ కుమార్ కూలిన గోడను, సుబ్బరత్నాన్ని, మళ్ళీ గోడను చూశాడు. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. సుబ్బరత్నం మాత్రం చట్నీ ఇంకొంచెం వేయించుకుంటోంది. "రేపొచ్చే ఆయన ఇంకోటి చెప్తాడనుకుంటున్నావా? వస్తే నాతో మాట్లాడమను" అంది.

గోడ ఎంతవుతుందో చెప్పమని అడుగుదామని ఉమాశంకర్ లేచాడు. లేచి, చుట్టూ చూసి, ఆ మాటే మరిచిపోయాడు. కన్యక కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ప్లేటులో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"కన్యక ఏది?"

ఎవరూ చూడలేదు. గేటు వేసే ఉంది. "గోడ అవతల ఏముంది?" అన్నాడు ఉమాశంకర్. సుప్రజ కంగారుగా, "మొగలి పొదలండి. అవి దాటితే ఇంకేం లేదు, కొండ అంచే. కింద సముద్రం" అంది.

అతను ఇటుకల మీదుగా దూకాడు. ఒక చెప్పు రాళ్ళలోనే ఉండిపోయింది. మొగలి ముళ్ళు చొక్కా చించాయి, చేతులు గీరుకుపోయాయి. "కన్యకా" అని పిలిచాడు. గాలి హోరుకు తన గొంతు తనకే వినపడలేదు. నేనిచ్చిన మాట నేనే నిలబెట్టుకోకపోతిని కదా, దీనికి ఏం మనసు పుట్టిందోనని ఒళ్ళంతా చల్లబడింది. కొట్టు వద్దు, పూత వద్దు, పడవ అసలే వద్దు. మనిషి కనిపిస్తే చాలు.

పొదలు అయిపోయాయి. అక్కడ నల్లటి బండ మీద, అంచుకు బాగా ఇవతల, కన్యక కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కొంగు నడుముకు బిగించింది. కింద ఎక్కడో లోతున సముద్రం ఒడ్డు దగ్గర లేతాకుపచ్చగా, ఆపైన నీలంగా, దూరాన నల్లగా కదులుతోంది. ఆమె ఫోను చూపించి, "ఇదేనండీ. ఆ వంగిన చెట్టు చూడండి, వీడియోలో ఉన్నదే. గోడ పడగానే కనపడింది" అంది.

ఉమాశంకర్ బండ మీద చతికిలబడ్డాడు. చిరిగిన చొక్కాతో, ఒంటి చెప్పుతో భార్య పక్కన కూర్చుని సముద్రం చూశాడు. నిజంగానే బాగుంది. ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో తీసుకొచ్చి ఉండేవాణ్ణనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండగా కింద తెల్లటి పడవ ఒకటి రేవు వైపు నుంచి వచ్చి, నెమ్మదిగా మలుపు తిరిగింది.

అతను గడియారం చూసుకోనక్కర్లేదు. "కన్యకా, అది మన పడవ" అన్నాడు నీరసంగా.

"మనది కాదు. మనది ఎల్లుండి."

"ఏంటి?"

"రాత్రి మీరు అటూ ఇటూ దొర్లుతుంటే లాడ్జి వాళ్ళకి చెప్పి టికెట్లు మార్పించాను. మావయ్యగారికి కూడా ఫోను చేశాను. ఆయన నిక్షేపంగా ఉన్నారు, మీరు లేకపోతేనే బేరాలు బాగా అవుతున్నాయంట."

ఉమాశంకర్‌కు కోపం రావాలి. రాలేదు. పొద్దుటి నుంచి తను తాగిన నీళ్ళు, పెట్టిన పరుగులు, తినకుండా వదిలేసిన ఇడ్లీ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "మరి పొద్దున్నే చెప్పొచ్చుగా. నేను చచ్చానే కంగారుతో."

"చెప్తే కొండకి బదులు పడవ ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళు." ఆమె అతని చేతి మీది గీతల్లోంచి ముల్లు ఒకటి తీసి పారేసింది. "అయినా పాతికేళ్ళలో మీరు నాకోసం కంగారుపడటం ఇదే మొదటిసారి చూశాను. మధ్యలో ఆపాలనిపించలేదు."

వెనక పొదల్లోంచి నవీన్ కుమార్, సుప్రజ వచ్చారు. ఇటు వచ్చి ఎన్నాళ్ళయిందో, ఇద్దరూ సముద్రాన్ని కొత్తగా చూస్తున్నట్టు నిలబడిపోయారు. సుప్రజ వెనక్కి తిరిగి, గోడ లేని సందులోంచి కనిపిస్తున్న పైగదుల కిటికీలను చూసి, "గదుల్లోంచి ఇదంతా కనపడుతుంది ఇప్పుడు" అంది మెల్లగా. నవీన్ కుమార్ పిడికిళ్ళు వదులయ్యాయి. కొంచెం తటపటాయించి, ఉమాశంకర్ దగ్గరికి వచ్చి, "రెండు రోజులూ మా ఇంట్లోనే ఉండండి సార్. పై గది ఇస్తాను" అన్నాడు.

ఉమాశంకర్ ఒప్పుకునేలోపలే ఇంటి వైపు నుంచి గునపం చప్పుడు మళ్ళీ మొదలైంది. సుబ్బరత్నం వంటగదిలోకి వెళ్ళినట్టుంది.