ఉక్కుగుడ్డుపై బబుల్‌గమ్ము భంజనము

సహస్రకిరణుడు నలువదియంతస్తుల కార్యాలయసౌధపు అద్దాలగోడలలో తన మొగము తానే చూచుకొనుచు మెల్లమెల్లగ నెగబ్రాకుచుండ, మెడలలో గుర్తింపుకార్డులు వ్రేలాడ నుద్యోగిసేనావాహినులు ద్వారములకు బారులు తీరుచుండ, సోమవారమున, తొమ్మిదింబావు వేళ, తత్సౌధప్రాంగణమున ఘోరసంగ్రామము మొదలయ్యెను.

అచ్చట నిద్దరు మనుష్యుల యెత్తున నొక ఉక్కుశిల్పము గలదు. శిల్పి దానికి ‘అనంతము’ అని నామకరణము చేసెను. లోకము గుడ్డు అనెను. దానిని నిత్యమును తుడిచి దర్పణతుల్యముగ నిలుపు ధీరురాలొకతె. ఆరేండ్లు భూగర్భ పార్కింగున నూనెమరకలతో బోరాడి, గతమాసముననే వెలుతురులోనికి బదిలీయై వచ్చినది.

నాడా గుడ్డు నడిబొజ్జపై, చొక్కాగుండీయంత ప్రమాణమున, ఎవ్వరో నమలి యంటించిన బబుల్‌గమ్ము కొలువుదీరియుండెను.

సూపర్‌వైజరు రొప్పుచు వచ్చెను.

“అక్కా, పదింటికి చైర్మన్‌గారు దీని ముందు ఫొటో దిగుతారట. అది కనబడిందో, నిన్ను మళ్ళీ కిందికి పంపేస్తారు. నా చేతుల్లో ఏం లేదు.”

“బ్లేడుతో గీకెయ్యనా?”

“గీత పడితే నన్ను కూడా పంపేస్తారు తల్లీ!”

అంత నామె సబ్బునీటిని ప్రయోగించెను. శత్రువు స్నానము చేసి మరింత మెరిసెను. వేడినీటిని ప్రయోగించెను. శత్రువు కరగి, సాగి, తంతువులు చాచి యామె చేతితొడుగును బంధించెను. గడియారము పది నిమిషములు తక్కువ పది చూపెను. అప్పుడా రణరంగమధ్యమున నడుముపై చేతులుంచి యామె గర్జించెను:

“ఓసి దిక్కుమాలినదానా! ఎవడి నోట్లోంచి ఊడిపడ్డావే నువ్వు? ఆరేళ్ళు కింద పొగ మింగాను. ఇప్పుడిప్పుడే ఒంటికి ఎండ తగుల్తోంది. నువ్వుంటావో, నేనుంటానో తేల్చుకుందాం!”

ద్వారపాలకాగ్రేసరుడగు సెక్యూరిటీ గార్డు గొంతు సవరించుకొనెను.

“అక్కా, మా పాప జుట్టుకి అంటుకుంటే మా ఆవిడ ఐసుముక్క పెట్టింది.”

“ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా!” అనుచు నామె క్యాంటీనునకు లంఘించి, గ్లాసెడు హిమఖండములతో మరలివచ్చి, తొడుగు విసరివైచి, వ్రేళ్ళు కొయ్యబారువరకు నదిమిపట్టెను. సాగుటయే యుద్ధవిద్యగా గల యా దుష్టము గడ్డకట్టెను. గోటితో మీటెను. టప్పున రాలెను.

చైర్మన్‌గారు విచ్చేసి, గుడ్డులో చూచి తల దువ్వుకొని, ఫొటో దిగి వెడలిరి.

“ఎలా తీశావక్కా?” అని సూపర్‌వైజరు విస్తుపోయెను.

“చల్లగా,” అనెను.

ఇందుమూలముగ ముల్లోకములకును దెలియజేయునదేమనగా, గుడ్డు శుభ్రముగ నున్నది.