వెలూనా దేవి విధేయత

ప్రాణం పోయినా సరే, వెలూనా దేవి ఒస్కెల్లా ఊరిని విడిచిపెట్టే ప్రసక్తే లేదని పురపెద్ద పాకియస్ గారు అంగడి మెట్లమీద నిలబడి ప్రకటించారు. దేవతలకు ప్రాణం పోవడమేమిటని ఎవరూ అడగలేదు. ప్రకటన అంత గంభీరంగా ఉంది మరి. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు దేవి పూజారి ఓవియస్. చేతులు చప్పట్లు కొడుతున్నాయి, లోపల గుండె దడదడా కొట్టుకుంటోంది.

ఆ దడకు కారణం ఊరి గోడ అవతల ఉంది. కోతలప్పటి నుంచీ రోమన్లు ఒస్కెల్లా చుట్టూ గుడారాలు వేసుక్కూర్చున్నారు. కొండమీది ఊరు, ఎత్తైన గోడ, లోపలే నీటి ఊట. అంత తేలిగ్గా లొంగే ఊరు కాదు. వాళ్ల కాన్సుల్, అంటే ఆ ఏటి అధిపతి, లూకియస్ నౌటియస్ గారికి నిచ్చెనలు విరిగాయి, ఓపిక చచ్చింది, ఏడాది పదవి కూడా ఆఖరికొచ్చింది. ఈలోగా ఏదో ఒక ఊరు గెలవకపోతే రోములో విజయ ఊరేగింపు ఉండదు. దాంతో ఆ పొద్దున ఆయన పూర్వీకుల పద్ధతి పట్టాడు. కొంగు నెత్తిన కప్పుకుని గోడ దగ్గరికి వచ్చి, ఊరివాళ్లను పక్కనపెట్టి ఊరి దేవతతోనే నేరుగా మాట్లాడాడు.

"దేవుడివో దేవతవో, ఈ ఊరిని కాచేది నువ్వెవరైనా సరే, నీకు దండం! ఈ వీధుల్నీ ఈ మనుషుల్నీ వదిలి మా రోముకు వచ్చెయ్. ఇంతకంటే పెద్ద గుడి కట్టిస్తాం. ఏటా జాతర చేస్తాం. ఇది నా మాట!"

ధర్మం విషయంలో రోమన్లు చాలా పట్టింపు మనుషులు. దేవత కాపురమున్న ఊరిని తగలబెడితే పాపం. ఆవిడ తన ఇష్టం మీద వాళ్ల వైపు వచ్చేశాక తగలబెడితే పాపం లేదు. అందుకే ముందు మర్యాదగా పిలుస్తారు. అంటే వెలూనా దేవి సరేనన్న మరుక్షణం ఒస్కెల్లాకు దిక్కు లేనట్టే.

ఊరు కాలిపోతుందన్న భయం అందరికీ ఉంది. ఓవియస్‌కు దానికి తోడు ఇంకో భయం ఉంది. మీసాలు రాకముందు నుంచీ ఆవిడకు నీళ్లు పోసి, వస్త్రం మార్చి, తేనెరొట్టె పెట్టి, ఇంట్లో పోట్లాటలన్నీ ఆవిడతోనే చెప్పుకున్నవాడు. ఆవిడ వెళ్లిపోతే రేపు పొద్దున ఎవరికోసం లేవాలి? ఆ మాట తలచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

"వాళ్లకి అమ్మ పేరు కూడా తెలీదు. దేవుడివో దేవతవో అంటున్నారు. పేరైనా తెలియని వాళ్ల వెంట ఎలా వెళ్తుందే?" అన్నాడు ఇంటికొచ్చి.

అతని భార్య ట్రెబియా శనగలు ఉడకేస్తోంది. "పెద్ద గుడి కట్టిస్తామన్నాక పేరుదేముందయ్యా? నువ్వు నన్ను చూడ్డానికి వచ్చిననాడు నా పేరు తెలుసా నీకు? మా నాన్న ఆలివ్ తోట మాత్రం బాగా తెలుసు."

"మన గుడికేం తక్కువట?"

"పైకప్పు తక్కువ."

అది నిజమే. పోయిన చలికాలంలో గాలివానకు గుడి కప్పు సగం ఎగిరిపోయింది. అప్పటి నుంచీ దేవి ఎడమ భుజం మీద వాన పడుతోంది. ఓవియస్ వెళ్లి మొర పెట్టుకుంటే పాకియస్ గారు శ్రద్ధగా విని, దేవిని కాస్త కుడివైపుకు జరపమని సలహా ఇచ్చారు.

ఇప్పుడు మాత్రం పెద్దల సభ వెంటనే కూర్చుంది. దేవితో ఊరికున్న అనుబంధాన్ని పటిష్ఠం చేయడానికి ఏకగ్రీవంగా తీర్మానించింది. పొద్దుగూకకముందే గుడి కప్పు బాగుచేసే పని మొదలైంది. పాకియస్ గారు స్వయంగా నిచ్చెనెక్కి ఒక పెంకు పెట్టి, అందరూ చూశారో లేదో చూసుకుని దిగారు. గుడి మొహం ఎరగనివాళ్లు మేకపాలు తెచ్చారు, అత్తిపళ్లు తెచ్చారు. తోపులాటలో ఒకాయన దేవి పాదం తొక్కి, క్షమాపణ పూజారికి చెప్పాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అంది ట్రెబియా, ఆ అత్తిపళ్లు సర్దుకుంటూ.

సుత్తుల చప్పుడు రోమన్ల చెవిన పడనే పడింది. మర్నాడు నౌటియస్ మళ్లీ కొంగు కప్పుకుని వచ్చాడు.

"రోములో అవెంటైన్ కొండమీద స్థలం! రాతి స్తంభాలు! ఎదురుగా నది!"

గోడమీద గుమిగూడిన జనంలో చిన్న కలకలం. "నది కనబడుతుందట" అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒక చెప్పులు కుట్టేవాడు ఉండబట్టలేక, "మనుషుల్ని కూడా తీసుకుంటారా అండీ?" అని కిందికి కేకేశాడు. పక్కవాళ్లు అతని నోరు నొక్కి, జవాబు కోసం మాత్రం చెవులు రిక్కించారు.

పాకియస్ గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. గోడమీంచే బదులిచ్చారు. "మేమూ రాతి స్తంభాలే వేయిస్తున్నాం!"

"ఏటా ఒక తెల్లావు బలి!" అన్నాడు నౌటియస్.

"మేం జత ఇస్తాం! కొమ్ములకు బంగారు పూత!"

ఓవియస్ మెల్లగా ఆయన కొంగు లాగాడు. "అయ్యగారూ, ఊళ్లో ఆవుల్లేవు కదండీ. ఆఖరిది మొన్ననే తినేశాం."

"వాగ్దానానికి ఆవెందుకయ్యా, ఓవియస్?" అన్నారు పాకియస్ గారు, పిల్లవాడికి చెప్పినట్టు.

ఆ సాయంత్రం ఆయన గుడికొచ్చి దేవి ముందు చాలాసేపు నిలబడ్డారు. మొహం చిట్లించుకుని పూజారిని పక్కకు పిలిచారు.

"ఒకటి గమనించావా? అవతలివాడు ఇన్నిసార్లు పిలిచాడు. ఆవిడ ఒక్కసారైనా ఖండించిందా?"

"అమ్మ మాట్లాడదు కదండీ."

"అదే అంటున్నాను. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడనివాళ్లను నేను చాలామందిని చూశాను. మా బావమరిది కూడా ఇలాగే నోరు మెదపకుండా కూర్చుని, తెల్లారేసరికి గోడ దూకాడు."

సభ మళ్లీ కూర్చుంది. దేవి భద్రత కోసం, కేవలం భద్రత కోసమే, ఆవిణ్ని స్తంభానికి కట్టేయాలని తీర్మానమైంది. కోట తలుపుకు వాడే ఇనుప గొలుసు తెప్పించి మెడ చుట్టూ, నడుం చుట్టూ తిప్పారు. "దీన్ని గొలుసు అనకూడదు, హారం అనాలి" అని పాకియస్ గారు ఆదేశించారు.

ఓవియస్ గొలుసుకు అడ్డం పడ్డాడు. "అయ్యగారూ, అమ్మది పాత చెక్క. మెడ దగ్గర పురుగు తొలిచేసింది. ఇంత బరువు మోయలేదండీ."

"నువ్వు ఆవిడ శక్తిని తక్కువ అంచనా వేస్తున్నావు. పూజారివై ఉండి!"

ఓవియస్ పక్కకు తప్పుకున్నాడు. ఇక ఎదురు చెప్తే తనకే భక్తి లేదంటారు.

దేవి విధేయత ఇలా ఖాయమయ్యాక, దాన్ని లోకానికి చాటాలని పాకియస్ గారికి కోరిక పుట్టింది. ఒక్కపూట సంధి చేసుకుని నౌటియస్ గారినే గుడికి ఆహ్వానించారు. ఆవిడ మౌనమే ఆవిడ తిరస్కారమని, చెవులారా విని వెళ్లమని కబురు. నౌటియస్ నలుగురు మనుషులతో వచ్చాడు. ఊరంతా గుడి ముందు నిలబడింది. మనుషుల్నీ తీసుకుంటారా అని అడిగిన చెప్పులవాడు ముందు వరసలో చోటు పట్టాడు.

పాకియస్ గారు దేవి ఎదుట చేతులు చాచి గొంతెత్తారు. "తల్లీ! ఇంత ప్రేమ చూపించిన మమ్మల్ని కాదని, నువ్వు రోముకు వెళ్తావా?"

ఎవరూ ఊపిరి పీల్చలేదు. ఆ నిశ్శబ్దంలో చెక్క కిర్రుమంది. గొలుసు బరువుకు దేవి తల మెల్లగా, హుందాగా, గడ్డం రొమ్ముకు ఆనేదాకా కిందికి వంగింది.

నౌటియస్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. జనం నేలమీద పడ్డారు. ఓవియస్ మాత్రం ఒక్క ఉరుకున వెళ్లి, "కాదు, కాదు, అమ్మ అలా అనలేదు" అంటూ రెండు చేతులతో తల పైకెత్తాడు. చేతులు తీయగానే అది మళ్లీ వంగింది.

"రెండుసార్లు ఊపింది!" అని రోమన్లు కేకలు పెట్టారు.

అందరికంటే ముందు తేరుకున్నవారు పాకియస్ గారే. "దేవి ఎటో మేమూ అటే! ఆవిడ ఆజ్ఞ అయ్యాక తలుపులు మూసుకుని కూర్చోవడానికి మేమెవరం? ఇది లొంగుబాటు కాదు, భక్తి!" అని అక్కడికక్కడే ప్రకటించారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. దేవి వెంటే నడిచే ఊరిని తగలబెట్టడం నౌటియస్ గారికీ బాగోలేదు. పైగా ఊరేగింపుకు టైము దగ్గరపడుతోంది. ఆ విధంగా ఒస్కెల్లా కాలకుండా మిగిలింది. ఓవియస్ మొదటి భయం తీరింది. రెండోదాని కోసం అతను నౌటియస్ గారి కాళ్లమీద పడి, అమ్మతోపాటు తననూ తీసుకెళ్లమన్నాడు.

"పద, నది చూద్దాం" అంది ట్రెబియా, కుండలు మూట కడుతూ.

రోములో స్వాగతం ఘనంగా జరిగింది. తెల్లబట్టలు కట్టిన కుర్రాళ్లు దేవిని మోశారు, దారంతా పూలు చల్లారు. గుడి పూర్తయ్యేవరకు, తాత్కాలికంగా, ఒక పాత గుడి వెనకాల ఉన్న పాకలో దించారు. లోపల అప్పటికే చాలామంది దేవుళ్లూ దేవతలూ ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో పూజారి కూర్చుని ఉన్నాడు. కొమ్ము విరిగిన దేవుడి పక్కనున్న వీబియస్ అనే ముసలాయన కాస్త జరిగి చోటిచ్చాడు.

"మీరెప్పుడొచ్చారు పెద్దయ్యా?"

"ఈ నౌటియస్ గారి తాతగారు కాన్సులుగా ఉన్నప్పుడు. మంచి మనిషి. ఆయనా ఏడ్చాడు."

నౌటియస్ గారి ఏడాది ముగిసింది. కొత్త కాన్సుల్ ఇంకో ఊరి దేవతను పిలవడానికి వెళ్లాడు. ఓవియస్ అడిగిన ప్రతిచోటా స్థలం కేటాయించేశామనీ, పని జోరుగా సాగుతోందనీ చెప్పారు. చెప్పడమే కాదు, దారి కూడా చూపించారు. ఒకరోజు అతను అవెంటైన్ ఎక్కాడు.

నిజంగానే పని జోరుగా సాగుతోంది. రాతి మెట్లు, లేస్తున్న స్తంభాలు, ఎదురుగా నది. అన్న మాట అన్నట్టే ఉంది. ఓవియస్ ఆనందం పట్టలేక స్తంభాన్ని కావలించుకుని భోరుమన్నాడు. ఇన్నాళ్లూ అనుమానించినందుకు రోమన్లందరికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

"చూసుకో ఓవియస్, సున్నం ఇంకా ఆరలేదు" అన్నారెవరో.

స్తంభాల మధ్యనుంచి పాకియస్ గారు వచ్చారు. కొత్త రోమన్ వస్త్రం, మొహంలో నిగారింపు.

"అయ్యగారూ! మీరిక్కడ?"

"స్థలం ఖాళీగా పడుంటే ఎవడైనా ఆక్రమిస్తాడని నన్నిక్కడ ఉండమన్నారు. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా? స్థలం మాత్రం దేవి పేరుమీదే ఉంది, నువ్వేం బెంగపెట్టుకోకు."

లోపల ఎవరో ఆడమనిషి మంచం ఏ గదిలో వేయాలో పనివాళ్లకు చెబుతోంది.

"మరి అమ్మ?" అన్నాడు ఓవియస్.

"వంటింటి పక్కన చక్కటి గూడు కట్టించాను. మా ఆవిడ అందులో నూనె జాడీలు పెట్టేసింది. ఆడవాళ్లతో ఏం చెప్తాం?" అని పాకియస్ గారు నవ్వి, అతని భుజం తట్టారు. "అమ్మకి నా దండాలు చెప్పు."

ఓవియస్ కొండ దిగి వచ్చేసరికి పాక వాకిట్లో ట్రెబియా గంజి కాస్తోంది. "చూశావా? కడుతున్నారా?" అంది. కడుతున్నారనే చెప్పాడు.

లోపలికెళ్లి, దేవి మీద పడ్డ దుమ్ము కొంగుతో తుడిచాడు. ఎప్పుడూ ఆవిడ దగ్గర ఏదీ దాచనివాడు, ఆ పూట ఆవిడ కాళ్లవైపే చూస్తూ చెప్పాడు.

"మెట్లయ్యాయమ్మా. స్తంభాలు లేచాయి. నది బ్రహ్మాండంగా కనబడుతోంది. కాస్త సున్నం పనే ఉంది. చలికాలం దాటేసరికి..."

పక్కనుంచి వీబియస్ గొంతు తగ్గించి, "బాగానే చెబుతున్నావు గానీ, గడువు చెప్పకు" అన్నాడు. "నేను మొదట్లో ద్రాక్షకోతలకల్లా అని నోరు జారాను. అప్పట్నుంచీ ద్రాక్ష పండినప్పుడల్లా మా స్వామికి మొహం చూపించలేక చస్తున్నాను."

ఓవియస్ దేవి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "అతి త్వరలో, తల్లీ" అని ప్రకటించాడు.